బ్యాకప్ సాఫ్టువేర్లు: గుణదోష విచారణ

ధాన్యమును పాతరలో పోసి కప్పిన రైతునకు రెండు చింతలుండును. ధాన్యమంతయు పాతరలో చేరినదా అనునది మొదటిది. అవసరమైన నాడు త్రవ్వి తీసినచో అది వండుకొనుటకు పనికివచ్చునా అనునది రెండవది. మొదటి చింత ఆ పూటతోనే తీరిపోవును. రెండవది పాతర తెరచువరకు తీరదు.

నేటి వ్యాపార సంస్థలు తమ జమాఖర్చులను, ఖాతాదారుల వివరములను, ఉద్యోగుల జీతపు పట్టీలను కంప్యూటర్లలోనే ఉంచుకొనుచున్నవి. ఇవి నశించినచో సంస్థ కుంటువడుటయే గాక, జీతము రావలసిన ఉద్యోగి, సరకు పంపిన వర్తకుడు, వైద్యము పొందుచున్న రోగి కూడ చిక్కులలో పడుదురు. అందుచే సమాచారమునకు వేరొక ప్రతిని దాచి, అవసరమైనపుడు తిరిగి తెచ్చు బ్యాకప్ సాఫ్టువేర్లు బజారులో అనేకము వెలసినవి. వీటి ప్రకటనలను చదివినచో, ఇంత వేగముగా దాచును, ఇంత తక్కువ చోటులో ఇముడ్చును, ఒక్క మీట నొక్కిన చాలును అను మాటలే మిక్కుటముగా కనిపించును. ఇవన్నియు పాతరలో పోయుటకు సంబంధించిన మాటలు. త్రవ్వి తీయుటను గూర్చిన మాట అరుదుగా వినబడును.

ఈ వ్యాసములో ఆ రెండవ చింతనే గీటురాయిగా గైకొని, ప్రసిద్ధములైన కొన్ని సాఫ్టువేర్ల గుణదోషములను పరిశీలింతము. కంప్యూటరు పాఠములు చెప్పు ఉపాధ్యాయులకును, రేపు ఉద్యోగములలో ప్రవేశింపనున్న విద్యార్థులకును ఈ విచారణ ఉపయోగపడగలదు. పాఠశాల కార్యాలయములోని ప్రవేశ వివరములు, మార్కుల పట్టికలు కూడ ఇట్టి రక్షణను కోరునవే కదా.

ఏది ప్రతి, ఏది కాదు

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. ఒక సర్వరులో రెండు డిస్కులను అమర్చి, ఒకదానిపై వ్రాసిన ప్రతి అక్షరమును అదే క్షణమున రెండవదానిపై కూడ వ్రాయు ఏర్పాటు కలదు. దీనిని రెయిడ్ పద్ధతులలో ఒకటిగా చెప్పుదురు. ఒక డిస్కు చెడిపోయినను రెండవదానితో పని సాగును. ఇది మంచి ఏర్పాటే. కాని గుమాస్తా పొరపాటున ఒక ఖాతాను చెరిపివేసినచో, అది అదే క్షణమున రెండు డిస్కులలోను చెరిగిపోవును. ఒక నగరములోని డేటాబేసును మరియొక నగరములోని సర్వరుపై ఎప్పటికప్పుడు ప్రతిఫలింపజేయు ఏర్పాటునకును, ఫైళ్లను క్లౌడుతో సరిపోల్చుచుండు ఏర్పాటునకును ఈ దోషమే కలదు. క్లౌడులో తొలగించిన ఫైళ్లను కొన్నాళ్లపాటు చెత్తబుట్టలో ఉంచెడి సౌకర్యము ఉండవచ్చును గాని, ఆ గడువు తీరిన పిమ్మట అదియు లేదు.

ఇవన్నియు అద్దముల వంటివి. అద్దము ఎదుటనున్న దానిని చూపునే గాని నిన్నటి ముఖమును చూపలేదు. బ్యాకప్ అని పిలువదగినది అసలునుండి వేరై ఉండవలెను. గడచిన కాలపు స్థితిని జ్ఞాపకముంచుకొనవలెను. కోరినపుడు ఉపయోగమునకు తగినట్లు తిరిగి రావలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను అది బ్యాకప్ కాజాలదు.

ఐదు పద్ధతులుండియు

ఈ విషయమున అందరును తెలిసికొనదగిన ఉదాహరణ గిట్‌ల్యాబ్ అను సంస్థది. ప్రోగ్రాములు వ్రాయువారు తమ కృషిని భద్రపరచుకొను వేదిక ఇది. 2017 జనవరి 31వ తేదీ రాత్రి, డేటాబేసు చిక్కును సరిచేయుచున్న ఒక ఇంజనీరు, రెండవ సర్వరుపై చేయదలచిన తొలగింపును పొరపాటున ప్రధాన సర్వరుపై చేసెను. ఆ సంగతి గుర్తించి ఆపునప్పటికే సుమారు 300 గిగాబైట్ల సమాచారము పోయెను.

అప్పుడు బ్యాకప్‌ల కొరకు వెదకిరి. ప్రతిదినము డేటాబేసు ప్రతిని తీసి దూరమందలి క్లౌడు నిల్వకు పంపు ఏర్పాటు కలదు. కాని ఆ నిల్వ ఖాళీగా ఉండెను. కారణమేమనగా, డేటాబేసు 9.6వ రూపమునకు చెందినది కాగా ప్రతిని తీయు పరికరము 9.2వ రూపమునకు చెందినది. రెండింటికి పొందిక లేక ఆ పని ప్రతిదినము విఫలమగుచుండెను. వైఫల్యమును తెలుపు ఈమెయిళ్లు కూడ బయలుదేరుచుండెను గాని, వాటిపై ఉండవలసిన ధ్రువీకరణ లేమిచే గ్రహీత సర్వరు వాటిని తిరస్కరించుచుండెను. డిస్కు మొత్తమునకు ప్రతిని తీయు క్లౌడు సదుపాయము డేటాబేసు సర్వర్లకు అమర్చబడియే ఉండలేదు. అద్దమువలె పనిచేయు రెండవ సర్వరు అప్పటికే చిక్కులో ఉండెను. సంస్థ తనంతట తానే ఒప్పుకొనిన ప్రకారము, ఏర్పరచుకొనిన ఐదు పద్ధతులలో ఒక్కటియు నమ్మదగిన రీతిని పనిచేయుట లేదు.

చివరకు ఆదుకొనినది, ఆ ఇంజనీరే వేరొక పరీక్ష నిమిత్తము ఆరు గంటలకు ముందు తీసియుంచిన ఒక ప్రతి. దానినుండి డేటాబేసును తిరిగి నిలబెట్టుటకు సుమారు 18 గంటలు పట్టెను. ఆరు గంటల కాలములో చేరిన దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 క్రొత్త ఖాతాల వివరములు పోయినవి.

ఈ సంఘటనలో సాఫ్టువేరు చెడ్డదని చెప్పుటకు వీలులేదు. ప్రతిని తీయు పరికరము తన పొందిక కాని డేటాబేసును చూచి పనిచేయ నిరాకరించినది. అది సరియైన నడవడియే. లోపమంతయు, ఆ నిరాకరణ ఒక మనిషి చెవిని పడకపోవుటలోను, దాచిన దానిని ఎవరును ఒక్కనాడైనను తెరచి చూడకపోవుటలోను ఉన్నది. కావున సాఫ్టువేరును విమర్శించు నాడు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: పని జరుగలేదన్న సంగతిని ఇది ఎవరికి, ఎట్లు తెలుపును? పని జరిగినపుడు మాత్రమే కబురు పంపి, జరుగనపుడు మౌనము వహించు సాఫ్టువేరు ప్రమాదకరమైనది. మౌనమును క్షేమముగా భావించుట మానవ స్వభావము.

రెండు కొలతలు

సాఫ్టువేరును ఎన్నుకొనుటకు ముందు సంస్థ తన్ను తాను రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఎన్ని గంటల పని పోయినను ఓర్చుకొనగలము? ఎన్ని గంటలు పని ఆగినను ఓర్చుకొనగలము? మొదటి ప్రశ్నకు జవాబు ప్రతులను ఎంత తరచుగా తీయవలెనో నిర్ణయించును. రెండవదానికి జవాబు ప్రతిని ఎక్కడ, ఏ సాధనముపై ఉంచవలెనో నిర్ణయించును.

రెండవ ప్రశ్నను చాలమంది ఉపేక్షింతురు. ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక సంస్థకు 2 టెరాబైట్ల సమాచారము కలదనుకొందము. ప్రతి అంతయు క్లౌడులో ఉన్నది. సంస్థకు సెకనుకు 100 మెగాబిట్ల ఇంటర్నెట్ లైను కలదు. 8 బిట్లు ఒక బైటు గనుక, సెకనుకు వచ్చునది పన్నెండున్నర మెగాబైట్లు. 2 టెరాబైట్లనగా 20 లక్షల మెగాబైట్లు. భాగించినచో 1,60,000 సెకనులు, అనగా 44 గంటలకు పైబడిన కాలము. లైను ఒక్క క్షణమైనను తడబడక, మరెవ్వరును దానిని వాడక ఉన్నచో పట్టు కాలమిది. అదే ప్రతి సంస్థలోనే సెకనుకు 100 మెగాబైట్లు చదువగల డిస్కుపై ఉన్నచో, ఐదున్నర గంటలలో పని ముగియును. ఇట్లు లెక్కించినపుడు, క్లౌడు ప్రతి ఒక్కటియే చాలునను ప్రకటనలోని బలహీనత బయటపడును. దూరపు ప్రతి, దగ్గరి ప్రతి రెండును కావలెను. ఒకటి నిప్పునుండి, రెండవది కాలహరణమునుండి కాపాడును.

గొలుసులోని కడియములు

ఇక సాఫ్టువేరు లోపలి పనితీరును చూతము. ప్రతి రాత్రియు మొత్తము సమాచారమునకు ప్రతిని తీసినచో చోటును, కాలమును చాలవు. అందుచే ఒకనాడు సంపూర్ణ ప్రతిని తీసి, తరువాతి దినములలో మారిన భాగములను మాత్రమే తీయు పద్ధతి ఏర్పడినది. ఆదా ఎక్కువ. కాని 30వ నాటి స్థితి కావలెనన్నచో సంపూర్ణ ప్రతితో మొదలిడి, నడుమనున్న చిన్న ప్రతులన్నింటిని వరుసగా కలుపుకొనుచు రావలెను. ఒక్క కడియము తెగినచో తరువాతివి నిరుపయోగములు. ఒక్కొక్క ప్రతి చెడక నిలుచు అవకాశము నూటికి 99 అనుకొన్నను, 30 ప్రతుల గొలుసు పూర్తిగా నిలుచు అవకాశము 0.99ను 30 పర్యాయములు గుణించినచో వచ్చు 0.74 మాత్రమే. నూటికి 26 పాళ్లు విఫలమగునన్నమాట. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును. గొలుసును పొడుగు కానీయక, నడుమ నడుమ సంపూర్ణ ప్రతిని తీయవలెనని పెద్దలు చెప్పుటకు కారణమిదే.

మరియొక పద్ధతిలో ఫైళ్లను ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకును దాని సారమునుండి ఒక సంఖ్యారూపమైన ముద్రను గణింతురు. ఒకే ముద్ర గల ముక్క ఎన్ని ఫైళ్లలో ఉన్నను ఒక్క పర్యాయమే దాచబడును. వంద మంది ఉద్యోగుల వద్ద ఒకే పత్రమున్నచో నిల్వలో అది ఒక్కటిగానే ఉండును. ఇందులో గొలుసు చిక్కు లేదు. అయితే ఆ ఒక్క ముక్క చెడినచో, దానిపై ఆధారపడిన వంద ఫైళ్లును ఒక్కసారిగా చెడును. చోటును ఆదా చేయుట వలన ప్రమాదము ఒకచోట కేంద్రీకరింపబడుచున్నది. ప్రకటనలలో ఆదా ఎన్ని రెట్లో పెద్ద అక్షరములలో ఉండును. ఈ రెండవ సంగతి ఉండదు. ఇట్టి సాఫ్టువేరును వాడువారు ముక్కలన్నింటిని అప్పుడప్పుడు చదివించి, ముద్రలు సరిపోవుచున్నవో లేదో తనిఖీ చేయించుట తప్పనిసరి.

నాలుగు సాఫ్టువేర్లు

ఆర్‌సింక్: 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరస్ అనువారు దీనిని వెలువరించిరి. రెండు కంప్యూటర్లలోని ఫైళ్లను పోల్చి, భేదించిన భాగములను మాత్రమే పంపునట్టి యుక్తి దీని ప్రాణము. ఉచితమైనది, మెలకువ తెలిసినవారి చేతిలో మిగుల సమర్థమైనది. ప్రతులు మామూలు ఫైళ్లుగానే ఉండుటచే, తెరచి చూచుటకు మరే సాఫ్టువేరును అక్కరలేదు. మన గీటురాయిపై ఇది గొప్ప గుణము. కాని దీనిని సాధారణ రీతిలో వాడినచో అద్దముగానే మిగులును. అసలులో లేనివానిని ప్రతిలోను తొలగింపుమను ఆజ్ఞ నిచ్చినచో, నిన్న పొరపాటున చెరిపినది నేడు ప్రతిలోను ఉండదు. తేదీలవారీగా ప్రతులను నిలుపు ఏర్పాటు ఇందు కలదు గాని, దానిని అమర్చుకొను భారము వాడువానిదే. దాచిన దానిని రహస్య లిపిలోనికి మార్చుటయు దీని పని కాదు.

రెస్టిక్: 2015 నుండి వాడుకలోనున్న ఈ ఉచిత సాఫ్టువేరు, పైన చెప్పిన ముక్కల పద్ధతిని అనుసరించును. దాచు సమాచారమునంతను రహస్య లిపిలోనికి మార్చియే దాచును. అట్లు మార్చక దాచుటకు వీలుండదు. డిస్కు దొంగ చేతిలో పడినను వానికి ఏమియు తెలియరాదు. నిల్వనంతను చదివి తనిఖీ చేయు ఆజ్ఞ ఇందులోనే కలదు. దోషములు రెండు. సంకేతపదము పోయినచో ప్రతియంతయు పోయినట్లే. దానిని తెరువగలవారు లోకమున ఎవ్వరును లేరు. సంకేతపదమును అదే కంప్యూటరులో వ్రాసియుంచుకొను సంస్థకు ఇది పెట్టెలో తాళపుచెవినుంచి పెట్టెకు తాళము వేయుట వంటిది. రెండవది, నియమిత వేళకు తనంతట తాను పనిని ప్రారంభింపదు. ఆ బాధ్యతను కంప్యూటరులోని వేరొక ఏర్పాటునకు అప్పగింపవలెను. ఆ ఏర్పాటు ఆగిపోయినచో రెస్టిక్ ఫిర్యాదు చేయదు.

బకులా: 2000లో కెర్న్ సిబాల్డ్ ప్రారంభించిన సాఫ్టువేరు ఇది. పనిని నడుపు భాగము, నిల్వను చూచు భాగము, ఒక్కొక్క కంప్యూటరులో ఫైళ్లను సేకరించు భాగము అని విడివిడిగా ఉండును. పలు కంప్యూటర్లు, అయస్కాంత టేపులు గల పెద్ద కార్యాలయములకు తగినది. ఏ ఫైలు ఏ టేపులో ఉన్నదో ఒక డేటాబేసులో వ్రాసియుంచును. ఇది దీని బలము, బలహీనత కూడ. ఆ పట్టికయే నశించినచో టేపులన్నియు భద్రముగా ఉన్నను వెదకుట కష్టమగును. టేపులను చదివి పట్టికను తిరిగి నిర్మించు సాధనము ఇందు కలదు గాని, అది ఓపికతో కూడిన పని. కావున పట్టికకు వేరుగా ప్రతి ఉంచుకొననివారు బకులాను సగమే వాడుచున్నట్లు. నేర్చుకొనుటకును ఇది సులభము కాదు. అనుభవజ్ఞుడైన ఉద్యోగి లేని చిన్న సంస్థకు దీనిని సిఫారసు చేయజాలము.

వీమ్: 2006లో స్థాపితమైన ఈ సంస్థ సాఫ్టువేరు, ఒకే సర్వరుపై నడచు కల్పిత కంప్యూటర్లను కాపాడుటలో పేరుగాంచినది. మన గీటురాయిపై దీనికొక విశేషము కలదు. ష్యూర్ బ్యాకప్ అను సదుపాయము, దాచిన ప్రతిని ఇతర యంత్రములతో సంబంధములేని ఒక ప్రత్యేక స్థలములో నిజముగా నడిపించి, అది లేచినదో లేదో చూచి వార్త తెలుపును. పాతరను తానే తెరచి రుచి చూచునట్టి ఏర్పాటన్నమాట. ఇట్టి తనిఖీని సాఫ్టువేరులోనే భాగము చేయుట ప్రశంసింపదగినది. కొనువారు తాము చెల్లించు ధరలో ఈ సదుపాయము చేరియున్నదో లేదో ముందుగా అడిగి తెలిసికొనవలెను.

అయితే విస్తారముగా వాడబడు సాఫ్టువేరు దొంగలకును విస్తారముగా తెలియును. 2024లో వీమ్ సర్వరులో ఒక తీవ్రమైన భద్రతా లోపము బయటపడినది. సంస్థ సవరణను విడుదల చేసిన పిమ్మట కూడ, దానిని అమర్చుకొనని చోట్ల అకీరా, ఫాగ్ అను పేర్లు గల రాన్సమ్‌వేరులను ప్రయోగించువారు ఆ లోపమునుండి ప్రవేశించిరి. కాపలావానికే కాపలా అవసరమైనదని దీని తాత్పర్యము.

శత్రువు ప్రతిపైననే గురిపెట్టినపుడు

పూర్వము బ్యాకప్‌కు శత్రువులు డిస్కు చెడుట, నిప్పు, నీరు, చేతి పొరపాటు మాత్రమే. రాన్సమ్‌వేరు వచ్చిన పిమ్మట పరిస్థితి మారినది. ఫైళ్లను రహస్య లిపిలోనికి మార్చి, తాళము తీయుటకు డబ్బు కోరు దుష్ట ప్రోగ్రాములివి. 2017 మే నెలలో ప్రపంచమంతట వ్యాపించిన వన్నాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడ చిక్కినవి. ఇట్టి ముఠాలు నేడు ముందుగా బ్యాకప్‌లను వెదకి నాశనము చేసి, పిమ్మట అసలుపై పడుచున్నవి. ప్రతి మిగిలియున్నచో డబ్బు ఇచ్చువారెవరు?

2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థపై ఇట్టి దాడి జరిగినది. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారము రహస్య లిపిలోనికి మార్చబడినదని ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. రోగుల నమోదు మొదలగు పనులను చేతివ్రాతతో సాగింపవలసివచ్చినది. దాడికి గురికాని ఒక బ్యాకప్ సర్వరునుండి సమాచారమును తిరిగి తెచ్చి క్రొత్త సర్వర్లలో నిలుపగలిగిరి. అయినను ముఖ్యమైన సేవలు తిరిగి నెలకొనుటకు రెండు వారములు పట్టినది. ఈ ఉదంతములో ప్రశంసయు, హెచ్చరికయు రెండును కలవు. ప్రతి వేరుగా నుండుటచే సమాచారము దక్కినది. కాని ప్రతి దక్కుటకును, పని తిరిగి సాగుటకును నడుమ రెండు వారముల దూరమున్నది.

దీనికి విరుగుడుగా, ఒక పర్యాయము వ్రాసిన ప్రతిని నిర్ణీతమైన గడువు లోపల యజమానియే చెరుపబోయినను చెరుగనీయని నిల్వ ఏర్పాట్లు వచ్చినవి. కంప్యూటరునుండి తీగ ఊడదీసి బీరువాలో పెట్టిన డిస్కు కూడ ఈ పనినే చౌకగా చేయును. మన ఊళ్లలోని అంగళ్లలో ట్యాలీ లెక్కల ప్రతిని పెన్‌డ్రైవుపై తీసి, ఆ పెన్‌డ్రైవును అదే కంప్యూటరునకు వ్రేలాడదీసి ఉంచువారు కొందరు కలరు. వారు శ్రమపడి తీసిన ప్రతిని శత్రువు చేతికి అందునట్లు ఉంచుచున్నారు.

ఒక్కొక్కప్పుడు శత్రువు వెలుపలినుండి రానక్కరలేదు. 2021 డిసెంబరు 14 నుండి 16 వరకు జపానులోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటరు నిల్వలో సుమారు 77 టెరాబైట్లు, 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు చెరిగిపోయినవి. చెరిపినది బ్యాకప్ ప్రోగ్రామే. పాత చిట్టా ఫైళ్లను తొలగించు ఆజ్ఞావళిని, అది నడచుచుండగానే క్రొత్త రూపముతో మార్చిరి. సగము పాతది, సగము క్రొత్తది కలిసి నడచుటచే, చిట్టాలకు బదులు పరిశోధకుల ఫైళ్లు తొలగింపబడినవి. నష్టపోయిన 14 బృందములలో 4 బృందముల సమాచారము తిరిగి రాలేదు. కాపాడుటకై నియమింపబడిన సాఫ్టువేరునకు చెరుపు అధికారము కూడ ఇచ్చుచున్నామని మరువరాదు.

ఒకే కప్పు క్రింద

మూడు ప్రతులుండవలెను; అవి రెండు విధములైన సాధనములపై ఉండవలెను; ఒకటి వేరొక చోట ఉండవలెను. ఫోటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారములోనికి తెచ్చిన ఈ సూత్రమును మూడు-రెండు-ఒకటి సూత్రమందురు. ఇందు చివరి అంకెను విస్మరించినవారికి కలిగిన నష్టమునకు రెండు ఉదాహరణములు చాలును.

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రములలో ఒకటి కాలిపోయినది. డబ్బు చెల్లించి బ్యాకప్ సేవను పొందిన ఒక ఖాతాదారుని అసలును, ప్రతియు ఒకే భవనములో ఉండి రెండును బూడిదైనవి. 2023లో లిల్ నగరపు వాణిజ్య న్యాయస్థానము ఆ ఖాతాదారునికి లక్ష యూరోలకు పైగా పరిహార మిప్పించినది. పరిహారము లభించినను పోయిన సమాచారము రాదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ డేటా కేంద్రములో బ్యాటరీలనుండి అగ్ని పుట్టి, ప్రభుత్వోద్యోగులు తమ పత్రములను దాచుకొను జి-డ్రైవ్ అను నిల్వ నాశనమైనది. అందులో 858 టెరాబైట్లు కలవు. పరిమాణము మిక్కిలి పెద్దదగుటచే వెలుపల ప్రతి ఉంచలేదని అధికారులు చెప్పిరి. పరిమాణము పెద్దదైన కొలది నష్టమును పెద్దదగును గదా. ఆ కారణము ప్రతి ఉంచుటకే బలము చేకూర్చును.

మన దేశములో చట్టమును ఈ సంగతిని గుర్తించినది. 2014 నాటి కంపెనీల లెక్కల నియమములను 2022 ఆగస్టులో సవరించి, కంప్యూటరులో నుంచు లెక్కల పుస్తకములకు ప్రతిదినము బ్యాకప్ తీసి భారతదేశములోనున్న సర్వరులో ఉంచవలెనని విధించిరి. కాని బ్యాకప్ తీసినచో ఈ నియమము నెరవేరినట్లే. అది తిరిగి వచ్చునా అని చూచుకొనుట సంస్థ వివేకమునకే మిగిలినది.

ఎన్నుకొనుట ఎట్లు

ఇంతవరకు చూచినదానిని బట్టి, అన్ని సంస్థలకు తగిన ఒకే సాఫ్టువేరు లేదని తేలుచున్నది. ఐదారు కంప్యూటర్లు గల సంస్థకు రెస్టిక్ వంటిది, తీగ ఊడదీసిన ఒక డిస్కు, దూరమందొక ప్రతి చాలును. కల్పిత కంప్యూటర్లపై ఆధారపడిన సంస్థకు వీమ్ వంటిది తగును. అయితే సవరణలను వెనువెంటనే అమర్చుకొను క్రమశిక్షణ ఉండవలెను. ధర చూచుట తప్పు కాదు గాని, ధర చివరి ప్రశ్న. దానికి ముందు అడుగవలసినవి ఇవి: వైఫల్యమును ఎట్లు తెలుపును? ఒక్క ఫైలును, మొత్తము యంత్రమును విడివిడిగా తిరిగి తేగలదా? పూర్తిగా తెచ్చుటకు ఎన్ని గంటలు? ప్రతిని చెరుపు అధికారము ఎవరికి కలదు? అమ్మిన సంస్థ రేపు మూతపడినను, లైసెన్సు గడువు తీరినను ప్రతిని తెరువవచ్చునా?

ఈ ప్రశ్నలకు జవాబులను అమ్మువాని నోటినుండి వినుట చాలదు. కొనుటకు ముందు ఉచితముగా వాడి చూచు గడువును పెక్కు సంస్థలు ఇచ్చుచున్నవి. ఆ గడువును దాచుటకు కాక, తీసి చూచుటకు వినియోగింపవలెను. అసలు యంత్రమును ముట్టక, వేరొక యంత్రముపై ప్రతిని నిలబెట్టి, గడియారము చూచి వ్రాసికొనవలెను. కొనిన పిమ్మట కూడ మూడు నెలల కొకసారియైనను, బ్యాకప్ అమర్చిన ఉద్యోగి కాక మరియొకనిచే, వ్రాసియుంచిన సూచనలను మాత్రమే ఆధారముగా చేసికొని, ఈ పనిని చేయించవలెను. అమర్చినవాడు సెలవులో ఉన్ననాడే ఆపద రావచ్చును.

పాఠశాలలో దీనిని ప్రయోగముగా చేయవచ్చును. ఒక సంచయములో ఇరువది ఫైళ్ల నకళ్లను ఉంచి, ఒక్కొక్కదాని షా-256 ముద్రను కాగితముపై వ్రాసికొనుడు. ఫైలు చిన్నదైనను పెద్దదైనను ఈ ముద్ర 64 అక్షరములే. లోపల ఒక్క అక్షరము మారినను ముద్ర పూర్తిగా మారిపోవును. సంచయమునకు బ్యాకప్ తీసి, పిమ్మట కొన్ని ఫైళ్లను చెరిపి, కొన్నింటిలో అక్షరములను మార్చుడు. ఇప్పుడు విద్యార్థులలో ఒకనిచే తిరిగి తెప్పించి, పట్టిన కాలమును కొలిచి, ముద్రలను కాగితముతో పోల్చుడు. ఇరువదియు సరిపోయినచో ఆ బ్యాకప్‌ను నమ్మవచ్చును. ఒక్కటి సరిపోకున్నను కారణమును వెదకి కనుగొనుట ఆ దినపు పాఠమగును. పాఠశాలలో అట్టి లోపము బయటపడుట వలన నష్టమేమియు లేదు. అదే లోపము జీతములు పంచవలసిన నాడు ఒక కార్యాలయములో బయటపడినచో, దాని ఫలితమును అనేక కుటుంబములు అనుభవింపవలసియుండును.